ఇక్కడ అట్లాంటి షాపే లేదు

పదకొండో భాగం

పోయిన వారం మనం ఎస్తర్‌ను నిజామాబాద్‌లో, ఖలీల్‌వాడిలోని ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. బోధన్‌లో మోటార్లకు వైండింగ్ చేసే మనిషి ఆమె. తండ్రి పేతురు పోయాక ఆ పనిని ఒంటి చేత్తో నడుపుతోంది. మోర్తాడ్ దగ్గర కొత్తగా పెట్టిన పసుపు మిల్లు వాళ్ళు ఏడాది పొడుగునా తమ మోటార్ల పని ఆమెకే ఇస్తామన్నారు. కానీ జీఎస్టీ నంబరున్న బిల్లు లేకపోతే కుదరదన్నారు. సరే, ఆ నంబరేదో నా పేరు మీదే తెచ్చుకుంటానని ఎస్తర్ దరఖాస్తు పెట్టింది. షాపు గది గులాం చాచాది. పక్షవాతం వచ్చి మంచానికి అంటుకుపోయిన ఆ పెద్దమనిషి, ‘ఈ గదిలో ఎస్తర్ పని చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు’ అన్న కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టిచ్చాడు. అంతా సాఫీగా ఉందనుకున్న వేళ నోటీసు పడింది. అధికారి వచ్చి చూశాడట. ఆ చిరునామాలో అట్లాంటి షాపే లేదట. ఏడు పనిదినాల్లో సరైన జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. ఆ ఏడింటిలో ఐదు అప్పటికే గడిచిపోయాయి.

*

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అయినా ఎస్తర్‌కు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఎడపల్లి దాటేలోపు నాలుగుసార్లు సంచి జిప్పు తీసింది, నాలుగుసార్లు మూసింది. అందులో చూడడానికి ఏముంది? పాన్ కార్డు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, కరెంటు బిల్లు, గులాం చాచా ఇచ్చిన కాగితం. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. సక్రమంగా ఉన్న కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని, లేని షాపుకు తిరిగిపోతోంది.

లేదట! ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతోంది. పదహారేళ్ళ వయసు నుంచి ఆ గదిలో రాగి తీగ చుట్టింది. కాలిపోయిన కాయిళ్ళ వాసన ఆమె జుట్టుకు ఏ షాంపూతోనూ వదలదు. ఆడపిల్ల మోటరు విప్పుతుంటే చూడడానికి మొదట్లో జనం గుంపుగా వచ్చి నిలబడేవాళ్ళు, ఇప్పుడు మోటరు పక్కన పడేసి ‘ఎప్పుడిస్తవ్ అక్కా’ అని మాత్రమే అడుగుతారు. ఇంత చేశాక ఎవడో ఒక అధికారి ఒక పూట వచ్చి, ఫోటో తీసి, లేదని రాసుకుపోయాడు.

ఆయన్ను మాత్రం ఏమనాలి? ఆయనేమీ కలగని రాయలేదు. అడిగితే చెప్పారు, రాసుకున్నాడు. కన్సల్టెంట్ ఆఫీసులో పనిచేసే హర్షిణి ఆ రిపోర్టును ఫోనులో పెద్దది చేసి మరీ చూపించింది. ‘ఇంటి యజమాని భార్యను, చుట్టుపక్కల వారిని విచారించగా...’ అని ఉంది అందులో. ఎస్తర్‌ను కాల్చుకు తింటున్నది ఆ ఒక్క వాక్యమే. ఇంటి యజమాని భార్య అంటే బిల్కిస్ చాచీ. పేతురు పోయిన రోజు ఎస్తర్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి.

బోధన్ బస్టాండులో దిగి, ఆటో కోసం ఆగకుండా నడిచింది. శక్కర్‌నగర్ పోయే రోడ్డు మీద ఆమె అంత వేగంగా నడవడం చూసి ఇద్దరు ముగ్గురు పలకరించబోయి మానుకున్నారు.

గల్లీ మొదట్లో బాలవ్వ బజ్జీల బండి ఉంటుంది. ఎస్తర్ నేరుగా వెళ్ళి బండి ముందు నిలబడింది.

“అవ్వా, పోయిన మంగళారం నేను పొలంల మోటరు చూడనీకి పోయిన చూడు, ఆరోజు ఫైలు పట్టుకొని ఒక సారు వచ్చిండా?”

“అచ్చిండు బిడ్డా!” బాలవ్వ ముఖం వెలిగిపోయింది. తాను చేసిన మంచి పని ఇన్నాళ్ళకు ఎవరో అడిగినందుకు ఆమెకు సంతోషంగా ఉంది. “నన్ను గూడ అడిగిండు. గీడ మోటర్లు బాగుచేసే షాపు ఉన్నదా అన్నడు. లేదు సారూ, గసుంటి షాపు ఈ గల్లీలనే లేదు, నేను ముప్పై ఏండ్ల సంది గిక్కడనే ఉన్న, నాకెర్క లేదా అన్న. ఇస్త్రీ దుకాణం మార్కండేయ గూడ గదే సెప్పిండు. గాయనైతే మోటరు అంటే ఏందని సారునే ఎదురు అడిగిండు!”

ఎస్తర్ నెత్తి పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

ఇక్కడ పాఠకులకు ఆ గల్లీ గురించి ఒక మాట చెప్పాలి. ఆ గల్లీలో పదకొండు దుకాణాలు ఉంటే, అందులో తొమ్మిది షాపు మీటరు తీసుకోకుండా దొంగచాటుగా ఇంటి మీటరు మీదే నడుస్తాయి. అందువల్ల చేతిలో ఫైలు, కాళ్ళకు బూట్లు ఉన్న మనిషి మూల తిరిగితే చాలు, షట్టర్లన్నీ వరసగా కిందికి జారతాయి. వచ్చింది జనాభా లెక్కల వాడైనా, పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చిన చుట్టమైనా వాళ్ళకు కరెంటు ఆఫీసు చెకింగ్ వాడే. ఆపదలో ఒకరిని ఒకరు కాపాడుకోవడానికి ఆ గల్లీ వాళ్ళు నేర్చుకున్న విద్య అదొక్కటే. ఆ విద్యను ఎస్తర్ మీద మనస్ఫూర్తిగా ప్రయోగించారు.

“ఆయన కరెంటాయన కాదు అవ్వా. నేను పిలిపించుకున్న సారు. నాకు నంబరు ఇయ్యడానికి వచ్చిండు.”

బాలవ్వ చేతిలోని జల్లిగరిట అట్లాగే ఆగిపోయింది. “అయ్యో నా నోరు పడిపోను! మరి బిల్కిస్ అట్ల సెప్పిందేంది? సెకింగ్ సారు అచ్చిండు, ఎవరడిగినా షాపు లేదనుండ్రి అని గామెనే కదా వచ్చి మాకు సెప్పింది.”

“చాచీకి కూడా తెలియకపోయి ఉంటది.”

“తెల్వకపోవుడేంది? సారు ముందుగాల దాని దగ్గరికే పోయిండు. పావుగంట మాట్లాడిండ్రు. సారు ఫోనుల నీ ఫోటో గూడ ఉండె, నేను సూసిన. మంచిగ పడ్డవ్, ఆ ఎర్ర జాకిటిది.”

బాలవ్వకు అందులో వింతేమీ కనిపించలేదు. ఎస్తర్ మాత్రం స్టూలు మీది నుంచి లేచింది. ఎర్ర జాకెట్టు ఫోటో దరఖాస్తుకని హర్షిణి తీయించినది. మీటర్లు చూసే మనిషి ఎవరి ఫోటోనూ పట్టుకు తిరగడు. పావుగంట మాట్లాడి, ఆ ఫోటో చూసి కూడా బిల్కిస్ చాచీ ఆయన్ను కరెంటు మనిషి అనుకుందంటే నమ్మడం కష్టం. ఆరోజు సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి కొత్తగా తగిలించిన బోర్డు లోపల గోడకు ఆనించి ఉంది. గాలికి పడింది బేటీ అంది చాచీ. మంగళవారం బోధన్‌లో ఆకు కదిలేంత గాలి కూడా లేదని ఎస్తర్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది.

నమ్మిన మనిషి మీద అనుమానం రావడం ఎంత నీచంగా ఉంటుందో ఆమెకు ఆ గల్లీలో యాభై అడుగులు నడిచేసరికి తెలిసింది. ఈ అనుమానం తప్పైతే బాగుండునని మనసులోనే ప్రార్థన చేసుకుంది.

*

బిల్కిస్ వాకిట్లో చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లోపలి గదిలో గులాం పడుకుని ఉన్నాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, మధ్యమధ్యలో ఆయన దగ్గు వినిపిస్తున్నాయి. ఎస్తర్ చెప్పులు విడిచి, చాప అంచున కూర్చుంది. ఇంట్లో గొడవ పడాలన్నా గొంతు పెంచడానికి వీల్లేదు. ఆయనకు బీపీ పెరిగితే ఈసారి మనం చేసేదేమీ ఉండదని డాక్టరు చెప్పాడు. అందుకని ఆ సాయంత్రం ఆ ఇద్దరు ఆడవాళ్ళు గుసగుసల్లోనే కొట్లాడుకున్నారు.

“చాచీ, మంగళారం వచ్చిన సారు ఏ ఆఫీసాయన?”

“కరెంటు...” బిల్కిస్ తలెత్తలేదు.

“నా దిక్కు చూసి చెప్పు.”

చేటలో వేళ్ళు ఆగిపోయాయి.  బిల్కిస్ చేట పక్కకు జరిపి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. “నీకు ఎవరు చెప్పిండ్రు?”

అంటే అనుమానం నిజమే! 

“ఎందుకు చాచీ? నేనేం పాపం చేసిన? చాచా సంతకం పెట్టిచ్చిండు కదా. గది కావాలంటే గది అడుగు, ఇస్త. సామాను ఎత్తుకొని రోడ్డు మీద కూర్చొని పని చేసుకుంట. గానీ ఉన్న నన్ను లేదని ఎట్ల చెప్పినవు?”

“చిల్లాకు బేటీ, జర ఆహిస్తా. ఆయన లేస్తడు.” బిల్కిస్ లోపలికి తొంగి చూసింది. “నీ మీద నాకేం గుస్సా ఉంటది? ఆ సారు వచ్చి జీఎస్టీ అన్నడు. ఆ ముక్క వినంగనే నాకు కాళ్ళు చేతులు ఆడలే. నీ కోసం వచ్చిండని నీ ఫోటో చూపించేదాక తెల్వలే. తెలిసినంక కూడ భయమే. లోపలికి వస్తే ఏమేం అడుగుతడో, ఏమేం బయటికి తీస్తడో అని... లేదు పో అని చెప్పి తోలేసిన.”

“బయటికి తీయనీకి ఏమున్నది చాచీ ఈ ఇంట్ల?”

బిల్కిస్ లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి, కుట్టుమిషను సొరుగులోంచి నాలుగు కవర్లు తెచ్చి ఎస్తర్ ఒళ్ళో పెట్టింది. మూడు విప్పి ఉన్నాయి. ఒకటి విప్పనేలేదు. జీఎస్టీ ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లీషు నోటీసులు. ఎస్తర్ ఇంటర్ దాకా చదివింది, కూడబలుక్కుని చదవగలదు. మొదటి కాగితంలో రెండో వరస దగ్గరే ఆమె కళ్ళు ఆగిపోయాయి. యజమాని పేరు గులాం. చిరునామా ఇదే ఇల్లు, ఇదే డోర్ నంబరు. వ్యాపారం: ప్లైవుడ్, కలప.

“ప్లైవుడా?” ఎస్తర్‌కు నవ్వు వచ్చింది, వెంటనే భయం వేసింది. “మంచంల నుంచి లేవలేని మనిషి ప్లైవుడ్ అమ్మిండా? ఎవరు చేసిండ్రు ఇది?”

బిల్కిస్ తల వంచుకుంది. పేరు చెప్పకుండా తల్లి ఎవరి కోసం అట్లా తల వంచుకుంటుంది?

“హస్సాన్ అన్ననా?”

కన్నీళ్ళు వచ్చాక బిల్కిస్‌కు మాటలు కూడా వచ్చాయి. రెండేళ్ళ కిందటి సంగతి. గులాంకు అప్పటికి పక్షవాతం రాలేదు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తున్నారని, పాత కార్మికుల పేర్లు రాసుకుంటున్నారని, తండ్రి పేరు లిస్టులో ఉంటే కొడుక్కి నౌకరి ఇస్తారని హస్సాన్ వచ్చి చెప్పాడు. ఆధార్ అడిగాడు, పాన్ కార్డు అడిగాడు, వేలిముద్ర అడిగాడు, ఫోనుకు వచ్చిన నంబర్లు చదివి చెప్పమన్నాడు. గులాం కొత్త చొక్కా వేసుకుని, ఫోటో దిగి, అడిగినవన్నీ ఇచ్చాడు. నంబరు చదివి చెబుతూ నవ్వాడట కూడా.

మీరు బోధన్ వాళ్ళు కాకపోతే ఇదేం అమాయకత్వం అనుకుంటారు. ఆ ఊళ్ళో ఫ్యాక్టరీ సైరను విని నిద్ర లేచిన తరం ఒకటి ఉంది. బ్యాంకు మేనేజరు అడిగినా ఓటీపీ చెప్పని జాగ్రత్తపరులే వాళ్ళు. కానీ ఎవరైనా వచ్చి ఫ్యాక్టరీ తెరుస్తున్నారు అంటే మాత్రం కళ్ళజోడు వెతుక్కోకుండానే సంతకం పెట్టేస్తారు. పేతురు బతికి ఉంటే ఆయనా పెట్టేవాడే. ఎస్తర్‌కు ఆ సంగతి తెలుసు, అందుకే గులాం మీద ఆమెకు కోపం రాలేదు. హస్సాన్ మీద వచ్చింది. తండ్రికి ఉన్న ఒకే ఒక్క ఆశ ఏదో తెలిసి, సరిగ్గా దానితోనే మోసం చేశాడు.

“ఎవడో నిజామాబాదోడు ఆశ పెట్టిండట బేటీ. వాళ్ళ బిల్లులకు ఒక పేరు కావాల్నట, అంతే అన్నడట. ఇప్పుడు గీ కాయితాలు వస్తున్నయ్. హస్సాన్‌కు ఫోన్ చేస్తే బంద్ ఉన్నది. నాందేడ్‌ల ఉన్నడని ఒకరంటరు, ఔరంగాబాద్ పోయిండని ఒకరంటరు. మీ చాచాకు ఏమీ తెల్వదు. తెలిస్తే బతకడు. కసమ్, బతకడు.”

ఎస్తర్ కవర్లను ఒకదాని మీద ఒకటి సర్ది, మళ్ళీ విడదీసి, మళ్ళీ సర్దింది. 

“సారు మళ్ళ వస్తడు చాచీ,” అంది చివరికి. “మళ్ళొకసారి చూడుమని హర్షిణి జవాబు పెడితే, రేపు పొద్దున పదకొండుకు వస్త అని ఫోన్ చేసిండట. రేపు ఆయన చూసి ఉన్నది అని రాస్తేనే నాకు నంబరు వస్తది. ఎల్లుండితోని గడువు అయిపోతది. ఈసారి కొట్టేస్తే మిల్లోళ్ళు ఆగరు, నిజామాబాద్‌ల ఇంకొకరికి ఇస్తరు.”

బిల్కిస్ ఆమె చేతులు పట్టుకుంది. “నేను చెప్త బేటీ. నీ షాపు ఉన్నది, నేనే పొరపాటున లేదన్న అని చెప్త. ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్త. గానీ ఆ సారు ప్లైవుడ్ గురించి అడిగితే, నువ్వు ఒక్క మాట చెప్పు. గది సగంల నీ షాపు, సగంల ప్లైవుడ్ షాపు, ఆయన మంచం పట్టినంక బంద్ అయింది అని. షాపు ఉన్నదే అయితే మోసం ఎక్కడిది? ఆయన్ను ఎవరూ ఏమనరు.”

“అబద్ధం చెప్పమంటున్నవా?”

“నేను నీ కోసం నిజం చెప్త, నువ్వు నా కోసం ఒక అబద్ధం చెప్పలేవా?” బిల్కిస్ గుసగుస కాస్తా గద్గదమైంది. “మీ బాపుకు ఈ గది ఇచ్చినప్పుడు మేము ఏ కాయితం రాయించుకున్నం? ఫ్యాక్టరీ నౌకరి పోయి మీ బాపు గుమ్మంల నిలబడితే, మీ చాచా గది ఊడ్పించి, తాళం చేతిల పెట్టిండు. ఆరోజు ఆయన ఒక్క సవాలన్న, ఒక్క మాటన్న అడిగిండా?”

ఆ మాట ఎస్తర్‌కు తగలవలసిన చోటే తగిలింది. అది నిజం కాబట్టే అంతగా తగిలింది. ఆమె కవర్లను చాప మీద పెట్టి లేచింది. గడప దాటుతుంటే లోపల మంచం కిర్రుమంది. గులాం అటు పక్కకు తిరిగి పడుకున్నాడు కాబోలు.

*

మర్నాడు తొమ్మిదింటికే ఎస్తర్ షాపు తెరిచింది. బోర్డు తుడిచి మళ్ళీ తగిలించింది. ఒక రైతు ఇచ్చిపోయిన మోటరుకు కాయిళ్ళు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో కాయిలుకు యాభై ఆరు చుట్లు. నిద్రలో లేపి చుట్టమన్నా లెక్క తప్పదు. అట్లాంటిది ఆ పొద్దున ముప్పై దాకా వచ్చి లెక్క తప్పింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నలభై ఒకటో, నలభై రెండో తెలియలేదు. తీగ కండె పక్కకు విసిరేసి బయటికి వచ్చింది, గల్లీ మొదటి దాకా చూసింది, మళ్ళీ లోపలికి పోయింది.

హర్షిణి ఫోన్ చేసింది. ఎస్తర్ దాచుకోలేక జరిగిందంతా చెప్పేసింది.

“అక్కా, అట్ల అస్సలు చెప్పకండి,” అంది హర్షిణి. ఆ పిల్ల ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడదు. “అదే గదిలో ప్లైవుడ్ షాపు నడిచిందని మీరు సంతకం పెడితే, ఆ దొంగ బిల్లులకు మీరు సాక్షి అయితరు. నంబరు వచ్చిన నెలకే మిమ్మల్ని కూడా పిలుస్తరు. మీ పేరు మీద ఒక మచ్చ పడితే ఇంక ఏ మిల్లు మీకు పనియ్యదు.”

“నిజం చెప్తే చాచా ఏమైతడు?”

 హర్షిణికి గులాం తెలియదు. ఆడపిల్లకు ఈ పనేంటని నవ్విన వాళ్ళను, ‘నీ మోటరు కాలితే నీ మీసాలు తిరిగి చుడతయా’ అని తరిమిన మనిషి ఆయన. పేతురు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు రోజూ పొద్దున వచ్చి షట్టరు ఎత్తి, ఆమె పని అయ్యేదాకా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. ఏ చట్టంలో రాసుకుంటారు దీన్ని?

అధికారి నాగేందర్ చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందే వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మాట మెత్తన, చూపు మాత్రం చురుకు. గల్లీలో ఈసారి ఒక్క షట్టరూ పడలేదు. పైగా బాలవ్వ బండి వదిలేసి వచ్చి, “ఉన్నది సారూ, షాపు ఉన్నది! మొన్న నాకు కండ్లు సరిగ్గ కనపడలే,” అని ఆయన వెంట పడింది. మార్కండేయ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మోటరంటే ఏమిటో తనకు బాగా తెలుసని చెప్పడానికి వచ్చాడు. నాగేందర్ నవ్వు ఆపుకుని వాళ్ళిద్దరినీ వెనక్కి పంపించాడు.

గది నలుమూలలా చూశాడు. బోర్డు ఫోటో తీశాడు, ఎస్తర్‌ను బోర్డు కింద నిలబెట్టి ఇంకొకటి తీశాడు. బాగుచేసిన మోటరు ఒకటి ఆడించి చూపమన్నాడు. ఆమె వైర్లు కలిపి స్విచ్ వేయగానే మోటరు సన్నగా, సమంగా మోగింది. ఆయన ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

“మా ఊళ్ళె బోరు మోటరు ఇంత నిమ్మళంగ ఎప్పుడూ తిరగలే,” అన్నాడు.

బిల్కిస్ ఇంటి గుమ్మంలోంచి ముందుకు వచ్చి, మొన్న తాను తప్పు చెప్పానని, భయపడి చెప్పానని, ఈ షాపు ఇరవై ఏళ్ళుగా ఉందని గడగడా చెప్పింది. ఆయన అంతా రాసుకున్నాడు, ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు.

“షాపు ఉంది. యజమాని అంగీకారపత్రం ఉంది. మీ వైపు నుంచి ఇబ్బంది లేదమ్మా,” అన్నాడు నాగేందర్. ఎస్తర్‌కు ఒక్కసారిగా ఏడుపు వచ్చినంత పనైంది. ఇన్ని రోజుల తర్వాత ఒక ప్రభుత్వ కాగితం మీద ఆమె ఉంది. ఉన్నట్టు రాశారు.

ఆయన పెన్ను మూయలేదు. ఫైలులో ఇంకో కాగితం తిప్పాడు.

“ఇంకొక్క సంగతి. ఇదే డోర్ నంబరు మీద ఇంకో రిజిస్ట్రేషన్ కనబడుతున్నది. ప్లైవుడ్ వ్యాపారం. మీ ఇంటి యజమాని పేరు మీదనే ఉంది. మీరు రోజూ ఇక్కడనే ఉంటరు కదా. గత రెండేళ్ళల్ల ఇక్కడ ప్లైవుడ్ దుకాణం చూసిండ్రా?”

బిల్కిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు ఎస్తర్ ముఖం మీది నుంచి కదల్లేదు. ఎస్తర్ గదిని చూసింది. ఈ గోడకూ ఆ గోడకూ మధ్య పది అడుగులు. మోటర్లు, తీగ కండెలు, వార్నిష్ డబ్బాలు పోను ఒక మనిషి నిలబడే చోటు మిగులుతుంది. ఇందులో ప్లైవుడ్ దుకాణం ఎక్కడ పడుతుందని చిన్నపిల్లాడైనా అడుగుతాడు. నాగేందర్‌కు కళ్ళు లేవా? ఆయనకు జవాబు తెలుసు. ఆమె నోటి నుంచి రావడం కోసం ఎదురు చూస్తున్నాడు.

లేదు సార్, ఎప్పుడూ చూడలేదు. నాలుగు మాటలు. రాత్రంతా నోట్లో తిప్పుకున్న మాటలు. తన పేరు, తన నంబరు, మోర్తాడ్ మిల్లు అన్నీ ఆ మాటల అవతలే ఉన్నాయి. కానీ నోరు తెరవగానే ఆమెకు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న గులాం కనిపించాడు. అంతే, నిర్ణయం అయిపోయింది. అది తెలివైన నిర్ణయమని ఆమె అనుకోలేదు.

“ఉండె సార్,” అంది ఎస్తర్.  “ఆ మూలకు ఉండె. చాచాకు ఒంట్ల బాగలేనప్పటి సంది బంద్ అయింది.”

నాగేందర్ ఆమె వైపు కాసేపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు చిన్నబోయాడు.

“ఆలోచించుకునే చెప్తున్నరా అమ్మా?”

“ఆ సార్.”

ఆయన ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. చదివి వినిపించాడు. కాగితాన్ని ఆమె వైపు తిప్పి, పెన్ను చేతికిచ్చాడు. “సంతకం పెట్టినంక ఇది మీ మాట అయితది. తర్వాత కాదంటే నడవదు.”

ఎస్తర్ ఎడమచేత్తో కాగితాన్ని అదిమిపట్టింది. చేతికి వార్నిష్ అంటి ఉంది, కాగితం మూలకు మరక పడింది. పెన్ను ఆనించి, పేరులో మొదటి అక్షరం రాయబోయింది.

“బేటీ! సంతకం పెట్టకు.”

ముగ్గురూ తలెత్తారు. ఇంట్లోంచి షాపులోకి వచ్చే తలుపు దగ్గర గులాం నిలబడి ఉన్నాడు. ఎనిమిది నెలలుగా మంచం దిగని మనిషి, చొక్కా లేకుండా, గోడను పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ అక్కడిదాకా వచ్చాడు. రొప్పుతున్నాడు. బిల్కిస్ కెవ్వుమని ఆయన వైపు పరిగెత్తి భుజం పట్టుకోబోయింది. ఆయన ఎడమచేత్తో ఆమెను పక్కకు తప్పించాడు.

“నిన్న మీరు మాట్లాడింది మొత్తం విన్న,” అన్నాడు. ఒక్కో మాటకూ ఆగుతున్నాడు. “పేతురు బిడ్డతోని... నా ఇంట్ల... అబద్ధం చెప్పిస్తరా?”

“ఏమండీ, మీకు దండం పెడత, లోపలికి నడవుండ్రి,” బిల్కిస్ ఏడ్చేసింది. “ఏం చెప్పొద్దు. వాడు మన కొడుకండీ...”

ఎస్తర్ పెన్ను వదిలేసి కుర్చీ లాగింది. గులాం కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిటారుగా నిలబడడానికి ప్రయత్నిస్తూ, నాగేందర్ కళ్ళలోకి చూశాడు.

“సార్, ఆ కాయితం చింపెయ్యుండ్రి. కొత్తది తీయుండ్రి. నా పేరు మీద దుకాణం పెట్టినోని పేరు నేను చెప్త, రాసుకోండ్రి.”